లొట్టిలోని నురుగు, కడలిలోని ఉప్పు

శ్రీకాకుళము జిల్లాలో నౌపడా ఉప్పుమడులను చూచినవారికి సముద్రమహిమను వేరుగా చెప్పనక్కరలేదు. కడలినీరు మడులలోనికి పారును. ఎండకు నీరు ఆవిరియగును. అడుగున తెల్లని ఉప్పు మిగులును. అదే తీరమున తాటితోపులు కలవు. తాటిగెలకు కట్టిన లొట్టిలో తెల్లవారునప్పటికి తియ్యని రసము చేరును. ప్రొద్దెక్కినకొలది ఆ రసము పులిసి, నురుగు లేచును. ఆ నురుగును పుట్టించునది ఈస్టు అను ఏకకణజీవి. ఒక్కొక్క ఈస్టుకణము మిల్లీమీటరులో సుమారు రెండువందలవ వంతు మాత్రమే ఉండును. కంటికి కానరాని ఈ ప్రాణి మడిలోని ఉప్పుతో ఎట్లు వ్యవహరించునన్నది నేటి మన ప్రసంగవిషయము.

ఇది వినుటకు చిన్న విషయమువలె తోచవచ్చును. కాని మన రక్తము, మన మూత్రపిండములు, మన వరిపైరు, అన్నియు ఈ ఒక్క ప్రశ్నతో ముడిపడియున్నవి. జీవకణము ఒక లవణమును లోపల దాచుకొని, మరియొకదానిని బయటికి గెంటివేయుచున్నది. ఆ పని ఎట్లు జరుగుచున్నదో తెలిసికొనుటకు మానవునకు శతాబ్దములు పట్టినది. ఆ చరిత్రలో భీమవరమున పుట్టిన ఒక తెలుగువాని పాలు కూడ కలదు.

మొదట ఆ రెండు లవణములను గుర్తింతము. మన ప్రాచీన వైద్యులు క్షారములలో యవక్షారము వేరనియు, సర్జక్షారము వేరనియు ఎరుగుదురు. యవధాన్యపు మొక్కలను కాల్చిన బూడిదనుండి వచ్చునది మొదటిది. సౌడు భూములకు సంబంధించినది రెండవది. నేటి రసాయనశాస్త్రభాషలో మొదటిదానియందు ప్రధానమైనది పొటాషియం, రెండవదానియందు సోడియం. ఐరోపాలో ఈ భేదమును 1736లో ఫ్రాన్సు దేశీయుడు డ్యుహమెల్ స్పష్టపరచెను. సముద్రపు ఉప్పులోని క్షారమూలము చెట్టుబూడిదలోని దానివంటిది కాదని ఆయన చూపెను. తరువాత జర్మనీలో మార్గ్రాఫ్ రెంటిని మంటలో వేసి చూచెను. సోడియం మంటకు పసుపురంగును, పొటాషియం ఊదారంగును ఇచ్చును. 1807లో లండనులో హంఫ్రీ డేవీ విద్యుత్ప్రవాహముతో ఆ రెండు లోహములను కొద్ది దినముల తేడాలో విడదీసెను.

గుణములలో ఇవి కవలపిల్లలవంటివి. రెండును మెత్తని లోహములే. రెండును నీట పడినంతనే భగ్గుమనును. రెండును నీటిలో కరిగిన లవణములయందు ఒక్కొక్క ధనవిద్యుదంశమును మోయు అయానులుగా ఉండును. ఐనను జీవకణము ఈ కవలలను ఎన్నడును పొరబడదు. కడలినీట బరువునుబట్టి చూచిన, పొటాషియమునకు సుమారు ఇరువదియేడు రెట్లు సోడియం కలదు. కాని ఆ కడలిలోనే బ్రతుకు జీవుల కణములలో పొటాషియమే అధికము. మన శరీరమునందును అంతే. రక్తద్రవములో లీటరుకు సుమారు 140 మిల్లీమోలుల సోడియం, నాలుగైదు మిల్లీమోలుల పొటాషియం ఉండగా, కణముల లోపల ఈ లెక్క తలక్రిందగును. 1847లో లీబిగ్ మాంసరసమును, రక్తమును పరీక్షించి, మాంసమున పొటాషియమును, రక్తమున సోడియమును మిక్కిలిగా కనుగొనెను. పలుచని త్వచమునకు ఈవల ఒక లవణము, ఆవల మరియొక లవణము! ఈ వింతకు కారణమేమని శాస్త్రజ్ఞులు శతాబ్దమునకు పైగా తర్కించిరి.

ఈస్టు ఈ కథలోనికి వేరొక దారిని వచ్చినది. 1680లో లీవెన్‌హుక్ తన సూక్ష్మదర్శినిలో దానిని చూచెను గాని, అది ప్రాణియని ఎరుగడు. 1837 ప్రాంతమున కన్యార్ ద లాటూర్, ష్వాన్ మున్నగువారు అది జీవించునదనియు, పులియుటకు అదియే కారణమనియు చెప్పిరి. అప్పటి రసాయనవేత్తలలో పలువురు దానిని నమ్మరైరి. 1860లో లూయీ పాస్టర్ ఒక చక్కని ప్రయోగము ప్రకటించెను. చక్కెర, అమ్మోనియా లవణము, కాల్చిన ఈస్టుయొక్క బూడిద, ఈ మూటిని నీట కలిపి, అందు రవంత ఈస్టును వేసెను. ఈస్టు పెరిగినది. ఆ బూడిదలో పెద్దభాగము పొటాషియం, భాస్వరము. ఈ రెండును ఈస్టు ప్రాణమునకు ఎంత ముఖ్యములో, వాటి రెంటి నడుమ ఎట్టి బంధుత్వము కలదో ఆనాడు పాస్టరుకు తెలియదు.

ఇరువదియవ శతాబ్దమున ప్రశ్న ఇట్లు నిలిచినది: సోడియం కణములోనికి ఏల రాలేదు? అందరికిని తోచిన సమాధానము గోడ. కణత్వచము సోడియమును చొరనీయని గోడయని ఊహించిరి. కోట కట్టిన పిమ్మట కోటగోడకు కూలి ఈయనక్కరలేదు; అట్లే కణమునకును ఈ విషయమున వ్యయమేమియు లేదని వారి భావము. ఐర్లండు రాజధానియగు డబ్లినులో ఎడ్వర్డ్ కాన్వే అను జీవరసాయనవేత్త ఉండెను. ఆయనయు, బాయిల్ అను సహచరుడును 1941లో కండరమునుగూర్చి ప్రకటించిన సుప్రసిద్ధ వ్యాసము ఈ గోడవాదముపైననే నిలిచినది.

కాని గోడకు అప్పటికే బీటలు కానవచ్చుచుండెను. 1939లో అమెరికాలో హెప్పెల్ పొటాషియం కొరవడిన ఆహారమును ఎలుకలకు పెట్టగా, వాటి కండరములలోనికి సోడియం ప్రవేశించినది. మరుసటి యేట స్టైన్‌బాక్ కప్ప కండరమును పొటాషియం లేని నీట నానవేసెను. పొటాషియం బయటికి పోయి, సోడియం లోపలికి చేరినది. మరల పొటాషియం గల నీటిలో ఉంచగా, కండరము సోడియమును బయటికి నెట్టినది. లోనికి వచ్చినదానిని బయటికి నెట్టవలెనన్న గోడ చాలదు. పని చేయువాడు కావలెను. 1941లో రాబర్ట్ డీన్ ఆ పనివానికి పంపు అని పేరుపెట్టెను. ఓటిపడవలో కూర్చున్నవాడు నీటిని తోడుచునే ఉండవలెను. తోడుట మానిన పడవ మునుగును. కణముకూడ ఓటిపడవయే యని కొత్తవాదము.

ఇచ్చట ఈస్టు రంగప్రవేశము చేసినది. కండరమును జంతువునుండి కోసి తీసిన పిమ్మట అది మెల్లమెల్లగా చచ్చుచుండును. ఈస్టునకు ఆ బాధ లేదు. రొట్టెలవాని దుకాణమున కావలసినంత లభించును, కణమొక్కటే సంపూర్ణప్రాణి. 1946లో డబ్లినులో కాన్వే, ఓమాలీ అనువారును, అమెరికాలో రాచెస్టరు నగరమున రాథ్‌స్టైన్, ఎన్స్ అనువారును ఈస్టుకు చక్కెర ఇచ్చి, చుట్టునున్న నీటిని పరీక్షించిరి. చక్కెర అందినంతనే ఈస్టు నీటిలోని పొటాషియమును లోనికి పీల్చినది. దానికి బదులుగా ఉదజని అయానులను, అనగా ఆమ్లమును, బయటికి విడిచినది. కాన్వే ప్రయోగములలో ఆ ద్రవము ఎంత పుల్లనైనదనగా, మన జీర్ణకోశమునందు ఆమ్లము పుట్టుట కూడ ఇట్టిదేమోయని ఆయన ఊహింపసాగెను. చక్కెర లేనిచో ఈ పీల్చుట సాగదు. పొటాషియమును కూడబెట్టుట ఊరక జరుగునది కాదనియు, తిన్న తిండిని ఖర్చుపెట్టి చేయు పనియనియు దీనివలన తేటతెల్లమైనది.

1954లో కాన్వే మరియొక అడుగు వేసెను. తన సహచరులగు రయన్, కార్టన్ అనువారితో కలసి, సోడియం బలవంతముగా నింపిన ఈస్టును సిద్ధపరచెను. దానిని శుభ్రమైన నీటిలో ఉంచి చూడగా, అది సోడియమును ప్రయత్నపూర్వకముగా బయటికి పంపుచున్నదని రుజువైనది. పదమూడేండ్ల క్రితము గోడను నమ్మిన పండితుడే, ఈస్టు సాక్ష్యముచే పంపును కొలిచి చూపెను. శాస్త్రమున ఇంతకన్న గౌరవనీయమైన దృశ్యము అరుదు.

మరి ఈ పంపును నడుపు ఇంధనమేది? దీనికి సమాధానము అప్పటికే పావుశతాబ్దముగా గ్రంథములలో ఉన్నది; దానిని వెలికితీసినవారిలో ఒకరు మన యెల్లాప్రగడ సుబ్బారావుగారు. ఆయన 1895 జనవరి 12న భీమవరమున జన్మించెను. సోదరులను సంగ్రహణివంటి వ్యాధివలన పోగొట్టుకొని, మదరాసు వైద్యకళాశాలలో చదివి, 1922లో బోస్టను చేరెను. హార్వర్డులో సైరస్ ఫిస్కే అను ఆచార్యునికడ పనిచేయుచు, 1925లో శరీరద్రవములలోని భాస్వరమును కొలుచు పద్ధతిని ప్రకటించెను. ద్రవమున ఫాస్ఫేటు ఉన్నకొలది నీలిరంగు ముదురును. ఆ రంగునుబట్టి పరిమాణము తేలును. ఫిస్కే–సుబ్బారావు పద్ధతి యను పేర అది ప్రపంచపు ప్రయోగశాలలన్నిటికిని పాకినది. జీవరసాయనశాస్త్రమున మిక్కిలిగా ఉదహరింపబడిన వ్యాసములలో అది ఒకటి.

ఆ కొలబద్దను చేతబట్టుకొని వారిరువురు కండరములను శోధించిరి. 1927లో ఫాస్ఫోక్రియాటిన్ అను పదార్థమును ప్రకటించిరి. 1929లో అడినోసిన్ ట్రైఫాస్ఫేటు, సంక్షిప్తముగా ఏ.టి.పి., అను పదార్థమును వెల్లడించిరి. అదే సంవత్సరమున జర్మనీలో కార్ల్ లోమాన్ వేరుగా దానినే కనుగొనెను. మూడు ఫాస్ఫేటులు వరుసగా కూర్చిన ఈ పదార్థము జీవప్రపంచమున చెల్లు నాణెము. కడపటి ఫాస్ఫేటు తెగినపుడు వెలువడు శక్తియే కండరమును ముడుచును, నరమును నడుపును, పంపును త్రిప్పును. పాస్టరు బూడిదలో ప్రక్కప్రక్కన కానవచ్చిన పొటాషియమునకును భాస్వరమునకును బంధుత్వము ఇదియే: మొదటిదానిని లోపల నిలుపుటకు కణము రెండవదానితో మూల్యము చెల్లించుచున్నది.

సుబ్బారావుగారికి హార్వర్డున స్థిరమైన పదవి దక్కలేదు. 1940లో లెడర్లీ పరిశోధనశాలకు పోయి, అచ్చట ఫోలిక్ ఆమ్లము మున్నగువాటి పరిశోధనను నడిపించెను. మన తీరపు జిల్లాలలో బోదకాలు నివారణకై ఇంటింట పంచిన డైఇథైల్ కార్బమజైన్ మాత్ర కూడ ఆ పరిశోధనశాలనుండి వచ్చినదే. 1948 ఆగస్టులో, ఏబదిమూడేండ్ల వయసున, ఆయన కన్నుమూసెను. తాను కనుగొన్న ఇంధనము సోడియం పంపును నడుపుచున్నదను వార్తను ఆయన వినలేదు. 1957లో డెన్మార్కు దేశీయుడు జెన్స్ స్కౌ, పీతల నరములలో ఏ.టి.పి.ని చీల్చు ఒక ఎంజైమును కనుగొనెను. సోడియం, పొటాషియం రెండును ఉన్నప్పుడే అది చురుకుగా పనిచేయును. జంతుకణముల సోడియం పంపు అదియే. ఆ పరిశోధనకు 1997లో ఆయనకు నోబెల్ బహుమతిలో భాగము లభించినది.

ఈస్టు ఏర్పాటు దీనికి దాయాదివంటిది గాని, అదే కాదు. ఈస్టు మొదట ఏ.టి.పి.ని ఖర్చుపెట్టి ఉదజని అయానులను బయటికి నెట్టును. కణము ఆర్జించు శక్తిలో సుమారు ఐదవ వంతు ఈ ఒక్క పనికే పోవునని అంచనా. దీనివలన త్వచము లోపలివైపు ఋణవిద్యుత్తు ఏర్పడును. ధనవిద్యుదంశము గల పొటాషియం ఆ ఆకర్షణకు లొంగి, తనకై ఉన్న ద్వారముగుండ లోనికి వచ్చును. 1986లో సెరానో, కీలాండ్‌బ్రాండ్ట్, ఫింక్ అనువారు ఉదజని పంపుయొక్క జన్యువును వేరుచేసిరి. 1988లో గేబర్, స్టైల్స్, ఫింక్ అనువారు పొటాషియం ద్వారపు జన్యువును పట్టుకొనిరి. దాని పేరు టి.ఆర్.కె.1. బయటినీట పొటాషియం లేశమాత్రమే ఉన్నను, ఈ ద్వారముగుండ ఈస్టు దానిని లోపల వేలరెట్లు కూడబెట్టగలదు.

ఇక సోడియమును తరుముటకు ఈస్టునకు ఒకటి కాదు, మూడు ఉపాయములు కలవు. 1991లో స్పెయిన్ దేశమున రోడ్రిగెజ్ నవారో బృందము ఇ.ఎన్.ఎ.1 అను పంపును కనుగొన్నది, ఇది ఏ.టి.పి.ని వెచ్చించి సోడియమును నేరుగా గెంటును. చుట్టునున్న నీరు ఆమ్లముగా ఉన్నపుడు వేరొక యంత్రము పనికివచ్చును; 1996లో తెలిసిన ఈ ఎన్.హెచ్.ఎ.1 ఒక ఉదజని అయానును లోనికి రానిచ్చి, దాని బలముతో సోడియమును బయటికి పంపును. మూడవది 1997లో రజనీరావు బృందము వివరించినది. అది సోడియమును కణములోపలి చిన్న సంచులలో బంధించును. ఇంటిలోనికి వచ్చిన వేడినిప్పును గడప దాటింపలేనిచో కుంపటిలోనైన ఉంచవలెను గదా!

సోడియమునకు ఇంత భయమేల? దీనికిని ఈస్టే జవాబు చెప్పినది. మెథియోనిన్ అను ఆమ్లమును నిర్మించు మార్గమున ఒక ఎంజైము కలదు. సోడియం మితిమీరినపుడు ఆ ఎంజైము స్తంభించును; విషపదార్థము పోగుపడును. ఈస్టునకు మెథియోనినును బయటినుండి అందించినచో, అది మరికొంత ఉప్పును సహించును. 1993, 1995 సంవత్సరములలో ఐరోపా పరిశోధకులు ఈ సంగతిని తేటపరచిరి. మన ఇండ్లలో ఊరగాయకు ఉప్పు తక్కువైన బూజు పట్టుననియు, సరిపడ వేసిన ఏడాది నిలుచుననియు గృహిణులకు అనుభవమే. ఉప్పు నీటిని లాగివేయుటయేగాక, సూక్ష్మజీవి ఇంటిలో చొరబడి పనులు ఆపివేయునని శాస్త్రము దానికి భాష్యము చెప్పినది.

ఈ చరిత్రవలన మన తీరవాసులకు ప్రయోజనమేమి? మొదటిది పైరు. ఉప్పెన వచ్చి కడలినీరు పొలమెక్కినచో వరి ఎట్లు ఎండునో మన రైతులు ఎరుగుదురు. మొక్కలు ఉప్పును ఎట్లు ఎదుర్కొనునో తెలిసికొనుటకు శాస్త్రజ్ఞులు ఈస్టునే తూనికరాయిగా వాడిరి. పొటాషియం ద్వారములను తొలగించిన ఈస్టు, పొటాషియం తక్కువైన ద్రవములో పెరగలేదు. అట్టి కుంటి ఈస్టులో మొక్కల జన్యువులను ఒక్కొక్కటే పెట్టి చూచిరి. ఏ జన్యువు దానిని నిలబెట్టునో అది ద్వారపు జన్యువు. ఈ విధముగా 1992లో ఆవజాతి చిన్నమొక్కయగు అరబిడాప్సిస్‌నుండి రెండు ద్వారములును, 1994లో గోధుమనుండి హెచ్.కె.టి.1 అనునదియు లభించినవి. 2005లో ఆ కుటుంబమునకే చెందిన వరిజన్యువును, వంగదేశపు నోనా బొక్రా అను ఉప్పునోర్చు వరివంగడమునందు గుర్తించిరి. అది సోడియమును ఆకులకు చేరనీయక, పొటాషియమును నిలుపుటకు తోడ్పడును. ఉప్పునేలలకు తగిన వంగడములను పెంచువారికి అది దారిచూపు దీపము.

రెండవది మూత్రపిండము. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు మొదలగు ఉద్దానపు పల్లెలు కొబ్బరితోటలకు పేరుగన్నవి. ఆ పల్లెలనే ఏండ్లతరబడి దీర్ఘకాలిక మూత్రపిండవ్యాధి పీడించుచున్నది. దాని మూలకారణమునుగూర్చి వైద్యులు ఇంకను ఏకాభిప్రాయమునకు రాలేదు. పలాసలో 200 పడకల ఆసుపత్రితో కూడిన మూత్రపిండవ్యాధి పరిశోధనకేంద్రము 2023 డిసెంబరులో ప్రారంభమైనది. మూత్రపిండపు నాళములలో స్కౌ కనుగొన్న పంపు రేయింబవళ్ళు పనిచేసి, సోడియమును రక్తమునకు మరలించుచు, మిగిలిన పొటాషియమును మూత్రమున పంపుటకు తోడ్పడును. ఆ పని కుంటుపడినపుడు పొటాషియం రక్తమున పేరుకొని, గుండె లయనే తప్పించును. కనుకనే, తోటనిండ కొబ్బరిబొండములున్న ఉద్దానపు ఇంటిలో వ్యాధిగ్రస్తునకు కొబ్బరినీళ్ళు వలదని వైద్యుడు చెప్పవలసివచ్చుచున్నది. కొబ్బరినీట పొటాషియం అధికము. ఆరోగ్యవంతునకు అమృతమైనది, పంపు చెడినవానికి అపాయకరము.

ఇచ్చటను ఈస్టు తోడు వదలలేదు. ఉప్పు తగిలిన ఈస్టులో కాల్సియం పెరుగును. ఆ కాల్సియం కాల్సిన్యూరిన్ అను ఎంజైమును మేల్కొలుపును. అది సోడియం పంపును ఎక్కువగా తయారుచేయించును. మూత్రపిండమార్పిడి జరిగినవారు వాడు టాక్రోలిమస్ అను మందు సరిగా ఈ కాల్సిన్యూరిన్‌నే అణచును. ఆ మందు పడిన ఈస్టు ఉప్పును తట్టుకొనలేదని 1993లో జపాను పరిశోధకులు చూపిరి. అదే మందు వాడువారి రక్తమున పొటాషియం పెరుగుటయు కద్దు. అందుకే వైద్యులు వారి రక్తమును మాటిమాటికి పరీక్షింతురు. లొట్టిలోని కణమునకును రోగిశయ్యపైనున్న మనిషికిని ఇంతటి చుట్టరికమున్నదని ఎవరూహించిరి?

జీవమునకును నిర్జీవమునకును భేదమెక్కడనన్న ప్రశ్నకు ఈ చరిత్ర ఒక సూటియైన సమాధానమును ఇచ్చుచున్నది. చచ్చిన ఈస్టు లోపలి పొటాషియమును నిలుపుకొనలేదు. బయటి సోడియమును ఆపలేదు. త్వచము కొంతసేపు అట్లే ఉండును, రూపము అట్లే ఉండును. ఖర్చు మాత్రము ఆగిపోవును. కొద్దిసేపటిలోనే లోపలి నీరు, వెలుపలి నీరు ఒక్కటగును. కావున తన ప్రత్యేకతను కణము గోడకట్టి కాపాడుకొనలేదు. క్షణక్షణము కష్టించి సంపాదించుకొనుచున్నది. నౌపడా మడిలో ఎండ ఉప్పును ఊరకయే పండించును గాని, ఆ ఉప్పును గడప వెలుపల నిలుపుటకు ప్రతి ప్రాణియు, ఊపిరి ఉన్నంతకాలము, కూలి చెల్లింపవలసినదే.